లారీకి ముకుతాడు

ఎద్దు అంటే ఏమిటో నిర్వచించే పని ఒక ప్రభుత్వ సంస్థ చేపట్టినప్పటి నుంచి మా ఊళ్ళో లారీకి గడ్డి వేస్తున్నాం.

ఆ సంస్థ పేరు గ్రామీణ సంప్రదాయ క్రీడల పరిరక్షణ ప్రాధికార సంస్థ. పేరు పొడుగు కాబట్టి అందరూ ‘సంస్థ’ అంటారు. ఎద్దులతో బండ లాగించడం హింస అని కొందరూ, మానేస్తే సంప్రదాయం పోతుందని కొందరూ ఆ సంస్థకు అర్జీలు పెట్టుకున్నారు. రెండు వైపులా న్యాయం ఉన్నదని సంస్థ గ్రహించింది. ఇద్దరినీ సంతోషపెట్టింది. ఇక మీదట బండలాగుడు పోటీలు యథావిధిగా జరుగుతాయి. ఎద్దులు మాత్రం ఉండవు. వాటి బదులు లారీ లాగుతుంది. ఆ లారీ పేరు యాంత్రిక వృషభం. సంప్రదాయానికి భంగం రాకుండా, ఎద్దుల కోసం రాసిన నిబంధనలన్నీ అక్షరం మారకుండా దానికీ వర్తిస్తాయి.

ఉత్తర్వు చివర ఇంకొక మాట ఉంది. పోటీ ఎద్దులున్న రైతు ఈ ఏటి పోటీలో యాంత్రిక వృషభాన్ని నిలబెట్టి, బండను గీత దాటించగలిగితే, తన ఎద్దుల్ని ‘నమూనా’ కింద ఇంటి దగ్గరే ఉంచుకోవచ్చు. లేకపోతే వాటిని సంస్థవారి విశ్రాంతి కేంద్రానికి తరలిస్తారు. లారీ తేలేని చుట్టుపక్కల ఊళ్ళ రైతుల జతలన్నీ అప్పటికే వెళ్ళిపోయాయి. విశ్రాంతి కేంద్రం ఎక్కడుందని నేను సంస్థ కార్యాలయానికి పోయి అడిగాను. ఇంకా కట్టలేదన్నారు. మరి తీసుకుపోయిన ఎద్దులు ఎక్కడున్నాయని అడిగాను. విశ్రాంతి కేంద్రంలో ఉన్నాయన్నారు.

మా వదిన అంకమ్మకు ఒక జత ఉంది. కాడికి ఎడమ పక్క, దాపట పుల్లోడు; కుడి పక్క, ఎలపట మైలోడు. తల్లి పాలు మరవకముందే మా అన్న చెంచయ్య వాటిని తెచ్చి పెంచాడు. మా అన్న మాఘంలో పోయాడు. ఈ ఏటి పోటీ ఆయన జ్ఞాపకార్థం జరపాలని ఊరివాళ్ళు తీర్మానించుకున్నారు.

నేను బడిపంతుల్ని. ఉత్తర్వు చదివి వదినకు అర్థం చెప్పాను.

“అంటే లారీ లాగితే ఎద్దులు ఉంటయ్, లాగకపోతే పోతయ్. అంతేనా అబ్బాయా?”

“అంతే వదినా.”

“మీ అన్న ఉంటే పడీ పడీ నవ్వేవాడు” అన్నది. కాసేపు పుల్లోడి గంగడోలు నిమిరి, “అయితే లారీ ఎక్కడ దొరుకుద్ది?” అని అడిగింది.

లారీ కాలేషా దగ్గర దొరికింది. ఆయన మా అన్నకు చిన్ననాటి స్నేహితుడు. అద్దంకి రోడ్డు మీద మెకానిక్ షెడ్డు ఉంది. ఎప్పుడో మిలిటరీ వేలంలో పాడుకున్న పాత పెట్రోలు లారీ ఒకటి ఆ షెడ్డు వెనక తుమ్మచెట్ల మధ్య ఉండేది. దాని ఇంజను విప్పి మళ్ళీ కట్టడం కాలేషాకు పని కాదు, వ్యసనం. ఇంటికి ఏ బాధ వచ్చినా ఆయన పోయి ఆ ఇంజను విప్పేవాడు. మా అన్న పోయిన వారం అది ముక్కలు ముక్కలుగా గోనెపట్టాల మీద పరచి ఉండటం నేను చూశాను.

“తీసుకుపో చెల్లెమ్మా” అన్నాడు వదినతో. “తొట్టి పీకేశా. బరువు తగ్గింది. సిలిండర్లు బోరు కొట్టించా. ఇంక తేలాల్సినవి రెండే. క్యామ్‌షాఫ్టు, టార్క్ కన్వర్టరు. ఆ రెండూ ఒకదానికొకటి కుదిరితే ఇది కొండనైనా లాగుద్ది. కుదరకపోతే కొండలాగా కూచుంటది.”

“పెళ్ళి సంబంధంలాగా మాట్లాడతావేందన్నా.”

“అంతకంటే కష్టం చెల్లెమ్మా. పెళ్ళిలో కుదరకపోయినా బండి నడుస్తది.”

క్యామ్‌షాఫ్టు అంటే ఇంజను ఎప్పుడు గాలి పీల్చాలో, ఎంతసేపు పీల్చాలో నిర్ణయించే కడ్డీ. కడ్డీ మీది గుబ్బలు ఒక రకంగా ఉంటే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే బలంగా లాగుతుంది. ఇంకో రకంగా ఉంటే వేగం అందుకున్నాకే దానికి బలం వస్తుంది. టార్క్ కన్వర్టరు అంటే క్లచ్చి ఉండవలసిన చోట ఉండే నూనె డబ్బా. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుందే, అలాగే ఇంజను నూనెను తిప్పితే నూనె చక్రాలను తిప్పుతుంది. నిలబడ్డ బండిని కదిలించేటప్పుడు ఇంజను బలాన్ని కొంత పెంచి కూడా ఇస్తుంది. మామూలు లారీకి ఇదేమీ అక్కరలేదు. క్లచ్చి తొక్కేందుకు డ్రైవరు ఉంటాడు. కానీ పోటీ నిబంధనల ప్రకారం వృషభం మీద మనిషి కూర్చోకూడదు. కాబట్టి లారీలో డ్రైవరు ఉండటానికి వీల్లేదు. పాత లోడర్ల నుంచి ఊడదీసిన కన్వర్టర్లు రెండు తెచ్చాడు కాలేషా. స్టీరింగుకు రెండు వైపులా మోకులు కట్టి కిటికీల్లోంచి బయటికి తీశాడు. బయట ఇద్దరు నడుస్తూ వాటిని పట్టుకోవాలి. ఆ మోకుల్ని సంస్థవారి కాగితాల్లో ముకుతాడు అని రాశారు.

మొదట పశువైద్యాధికారిణి హిమబిందు గారు వచ్చారు. వయసులో చిన్నవారు, మర్యాదస్తురాలు. లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, చెవి ఏది అని అడిగారు. ఆమే కాసేపు ఆలోచించి, వెనక నుంచి వచ్చే చప్పుడు సంగతి తెలిపేది చెవి గనుక వెనక చూసే అద్దమే చెవి అని తేల్చి, పసుపుపచ్చ బిళ్ళను దానికి బిగించారు. గాలికుంటు టీకా స్టెప్నీ టైరుకు వేశారు. మర్నాడు స్టెప్నీ చప్పబడి ఉంది.

“టీకా తర్వాత కొంచెం నీరసం సహజమే మాస్టారూ. కంగారుపడకండి” అన్నారు.

వృషభానికి వృషణాలు తీయించారా లేదా అనే గడి దగ్గర ఆమె మొహమాటపడి కాలేషా వైపు చూశారు. కాలేషా చెప్పిన జవాబు నేను రాయను. ఆమె ‘వర్తించదు’ అని రాసుకున్నారు.

పోటీ వృషభానికి సంస్థే మేత ఇస్తుంది. ప్రతి సాయంత్రం లారీ బంపరు ముందు గడ్డిమోపూ ఉలవలూ పెట్టాలి. లారీని వదిన దొడ్లోనే, ఎద్దుల పక్కనే నిలిపాం. పొద్దున్నే చూస్తే బంపరు ముందు గడ్డిపోచ మిగిలేది కాదు. ‘మేత సక్రమంగా తీసుకొనుచున్నది, నెమరు గమనించవలసి ఉన్నది’ అని హిమబిందు గారు నివేదిక పంపారు. పుల్లోడూ మైలోడూ ఆ నెలలో బాగా ఒళ్ళు చేశారు.

ఎంపిక సంఘం వచ్చిన రోజున దొడ్లో కుర్చీలు వేశాం. సంఘానికి అధ్యక్షులు సంయుక్త సంచాలకులు పంచాక్షరి గారు. తెల్లని చొక్కా, మెత్తని గొంతు. ఏ మాటా తొందరపడి అనరు. అన్నాక వెనక్కి తీసుకోరు.

కాలేషా ముందు నెమ్మది క్యామ్‌షాఫ్టు బిగించి ఇంజను వేశాడు. ఇంజను నడుస్తున్నట్టే తెలియలేదు. పక్కన ఎద్దులు నెమరు వేస్తూనే ఉన్నాయి.

“ఇది సార్, అట్టా నిలబడ్డ చోటునుంచే లాగుద్ది. తొక్కేవాడు లేకపోయినా ఎంతో కొంత లాగుద్ది.”

పంచాక్షరి గారు కళ్ళు మూసుకొని విన్నారు. “నిబంధన పదకొండు ప్రకారం వృషభము యొక్క స్వరము గంభీరముగాను, రోషయుక్తముగాను ఉండవలెను. ఇందులో నాకు రోషము గోచరించుటలేదు.”

కాలేషా మధ్యాహ్నానికి రెండో కడ్డీ బిగించాడు. ఈసారి ఇంజను వేయగానే లారీ మొత్తం దడదడమని అదిరింది. ఆగిపోబోయి, మళ్ళీ అందుకొని, గుడగుడమంటూ బుసలు కొట్టింది. కోళ్ళు గోడెక్కాయి. పుల్లోడు నెమరు ఆపాడు. కాలేషా మొహం వెలిగిపోయింది. ఆయనకు ఆ చప్పుడంటే ప్రాణం. అయినా నిజం చెప్పాడు.

“మోత బ్రహ్మాండం సార్. కానీ దీనికి కింద బలం లేదు. ఆక్సిలరేటరు తొక్కి బాగా తిప్పితేనే లాగుద్ది.”

“రంకెలేసేది రంకెలేస్తానే ఉంటది” అన్నది వదిన. “ఆ నెమ్మదిదే పెట్టండయ్యా.”

“అమ్మా, తమరి మనోభావములను సంఘం గౌరవించుచున్నది” అని పంచాక్షరి గారు రెండో కడ్డీని ఎంపిక చేశారు.

తరువాత కన్వర్టర్లు. మొదటిది బిగువుది. బిగించి, గేరు వేసి, కాలేషా పక్కకు తప్పుకోగానే లారీ తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. మనిషి నడకకంటే నెమ్మదిగా, మర్యాదగా, తిన్నగా పంచాక్షరి గారి కుర్చీ వైపు వచ్చింది. ఆయన లేచారు. లారీ వచ్చింది. ఆయన ఫైలు గుండెకు అదుముకొని గడ్డివామి దాకా వెళ్ళారు. కాలేషా ఎగిరి తలుపు పట్టుకొని తాళం తిప్పాడు.

“చూశారా సార్! ఇదే పనికొచ్చేది. తొక్కకుండా పోతన్నది!”

“జెండా ఊపక పూర్వము అడుగు కదిపిన వృషభము అనర్హము” అన్నారు పంచాక్షరి గారు గడ్డివామి దగ్గర నుంచే. “ఇది నన్ను చూసి కూడా ఆగలేదు.”

రెండోది వదులుది. దానితో గేరు వేసినా లారీ కదలదు. ఇంజను గట్టిగా తిరిగితే తప్ప నూనె చక్రాలను పట్టుకోదు. సంఘం దాన్ని ఏకగ్రీవంగా ఎంపిక చేసింది.

నాకు లెక్క తేలలేదు. బడిలో పిల్లలు చెయ్యి ఎత్తినట్టే ఎత్తాను. “అయ్యా, ఈ కడ్డీకి ఆక్సిలరేటరు తొక్కాలి. ఈ కన్వర్టరుకూ ఆక్సిలరేటరు తొక్కాలి. లోపల తొక్కే మనిషి ఉండకూడదు. మరి కదిలేదెట్లా?”

“ఇటుకరాయి పెడదాం సార్” అన్నాడు కాలేషా. “ఆక్సిలరేటరు మీద ఇటుక. ఇటుక మనిషి కాదు గదా?”

“ముల్లుకర్ర కూడా మనిషి కాదు. అదీ నిషిద్ధమే” అన్నారు పంచాక్షరి గారు. “వృషభమును పొడుచుట, తోక మెలిపెట్టుట, కాలు తొక్కుట కూడదు. నోటితో అదిలించవచ్చును. కొరడా గాలిలో ఝళిపించవచ్చును.”

“అట్టయితే కదలదయ్యా” అన్నాడు కాలేషా.

“కదలిక పోటీ దినమునకు సంబంధించిన అంశము. నేటి కార్యక్రమంలో ఎంపిక మాత్రమే ఉన్నది.”

లేవబోతూ ఆయనకు ఇంకొకటి గుర్తొచ్చింది. పోటీకి జత ఉండాలి, లారీ ఒక్కటే. సంఘం గుసగుసలాడుకుంది. చివరకు లారీ ముందు గొలుసుతో ఒక కాడి కట్టమన్నారు. కాడికి రెండు పక్కలా స్థానములు ఉన్నవి కనుక జత ఉన్నట్లే భావింపబడును అన్నారు. మా అన్న కాడే కట్టాం. వేరేది లేదు.

వాళ్ళు వెళ్ళాక వదిన దొడ్లో కుర్చీలు తీస్తూ, “లాగదు గదా అబ్బాయా?” అన్నది.

పిల్లలకు తప్పు లెక్క దిద్దేటప్పుడు నేను ఎప్పుడూ ముందు సరిగ్గా చేసిన భాగాన్ని చూపిస్తాను. అందుకని, “ఎంపిక మాత్రం నిబంధనల ప్రకారమే జరిగింది వదినా” అన్నాను. ఆమె ఎద్దుల దగ్గరకు పోయింది.

పోటీ రోజు పొలాల్లో బాట చదును చేశారు. రెండు వైపులా తాళ్ళు కట్టారు. జనం బాగా వచ్చారు. డ్రైవరు లేని లారీ బండను లాగుతుందంటే ఎవరు రారు? చుట్టుపక్కల జతలేవీ మిగల్లేదు గనుక పోటీలో ఉన్నది మాదొక్కటే. అయినా గీత దాటాల్సిందే. నియమం ప్రకారం నమూనా ఎద్దుల్ని పోలిక కోసం లారీ సరసన నిలబెట్టాలి. పుల్లోడికీ మైలోడికీ నీళ్ళు పోసి, కొమ్ములకు నూనె రాసి వదిన తీసుకొచ్చింది. బాట చివర సంస్థవారి వ్యాను వెనక తలుపు తెరిచి నిలిపారు. లోపల కొత్త తాళ్ళు, అడుగున గడ్డి పరిచి ఉన్నాయి. దాన్ని చూడకుండా ఉండాలని నేను జనం వైపు చూస్తూ నిలబడ్డాను.

లారీ వెనక బండ కట్టారు. కాలేషా ఇంజను వేసి, గేరు వేసి, కిందికి దిగాడు. లారీ దడదడలాడింది. రోషంలో లోపమేమీ లేదు. పంచాక్షరి గారు జెండా ఊపారు.

లారీ కదలలేదు.

“హై! హైహై!” అన్నారు ముకుతాడు పట్టుకున్న ఇద్దరూ. కాలేషా కొరడా గాలిలో ఝళిపించాడు. లారీ ఇంకా గట్టిగా అదిరింది.

“ఒసే, కదలవే! నీకు కొత్త పిస్టన్లు ఎవరు వేశారే!” అని కాలేషా దాన్ని బతిమాలాడు. జనం నవ్వారు. “దానికి దాణా చాల్లేదు కాలేషా!” అని ఒకడు అరిచాడు. “ముందు హారన్ కొట్టి నిద్ర లేపు!” అని ఇంకొకడు.

హిమబిందు గారు స్టెతస్కోపు తీసుకొని రేడియేటరు మీద పెట్టి విని, “ఆరోగ్యంగానే ఉంది సార్” అన్నారు.

పోటీకి ఇచ్చిన గడువు సగం అయిపోయింది. వ్యాను దగ్గర ఉన్న మనుషులు తాళ్ళు భుజాన వేసుకొని ఇటు నడవడం మొదలుపెట్టారు. మైకు పట్టుకున్నాయనకు ఊరికే ఉండటం తెలియదు. లారీ గురించి చెప్పడానికి ఏమీ లేక, పోటీ ఎవరి పేరున జరుగుతున్నదో అందుకున్నాడు. “సోదరులారా! ఈ పోటీలు కీర్తిశేషులు చెంచయ్య గారి జ్ఞాపకార్థం! చెంచయ్య గారి జత! చెంచయ్య గారి జత!”

మా అన్న పేరుకు ముందు ఆ కీర్తిశేషులు అనే మాట మైకులో వినడం నాకు అదే మొదలు. ఎద్దులకు ఆ మాట తెలియదు. తరువాతి మాటలే తెలుసు. ఏ ఊరి పోటీలోనైనా మైకులో చెంచయ్య గారి జత అని పిలిచినప్పుడే మా అన్న వాటిని కాడి దగ్గరకు వదిలేవాడు. పుల్లోడు తల ఎత్తాడు. వదిన చేతిలోని పగ్గం లాక్కొని, లారీ ముందుకు నడిచి, దాపటి వైపు కాడి పక్కన తల వంచి నిలబడ్డాడు. మైలోడు ఎలపటి వైపు వచ్చి నిలబడ్డాడు.

వదిన వెళ్ళి కాడి ఎత్తి వాటి మెడల మీద పెట్టింది.

“అమ్మా! ఇది నిషిద్ధము!” అని పంచాక్షరి గారు జెండాతో పరుగెత్తుకొచ్చారు.

“నేనేం తోలటంలా నాయనా. వాటి చోట అవి నిలబడినయ్.”

నిజమే. తోలడానికి ఆమె ఒక్క మాట అనలేదు, వాటి మీద చెయ్యి వేయలేదు. ఎద్దులే మోకాళ్ళు వంచి, గిట్టలు నేలలో దిగేసి వంగాయి. గొలుసు బిగిసింది. దడదడలాడే లారీ ఒకసారి మూలిగి ముందుకు జరిగింది. బండ కదిలింది. జనం ఈలలు వేశారు. డప్పులవాళ్ళు అందుకున్నారు. పంచాక్షరి గారు ఆపమని అరుస్తూ కొంతదూరం పక్కనే పరుగెత్తి, చివరకు జెండా అడ్డొస్తే దాన్ని చంకలో పెట్టుకొని మళ్ళీ పరుగెత్తారు. బండ గీత దాటింది. దాటాక కూడా ఎద్దులు ఆగలేదు. తాళ్ళవాళ్ళు పక్కకు దూకారు. వ్యాను దాకా పోయాక వదిన “హో” అన్నది. ఆగాయి.

అందరూ పంచాక్షరి గారి మొహం చూస్తున్నారు. ఎద్దులు లాగాయని రాస్తే ఆయన అధ్యక్షతన నిషేధం ఉల్లంఘింపబడింది. లారీ లాగలేదని రాస్తే ఆయన అధ్యక్షతన జరిగిన ఎంపిక తప్పు. ఆయన రుమాలుతో మెడ తుడుచుకొని బండ చుట్టూ తిరిగారు.

“బండ దేనికి కట్టబడి ఉన్నది?”

“లారీకి సార్” అన్నాడు కాలేషా.

“వృషభములకు కాదు గదా?”

“కాదు సార్. ఎద్దులు లారీకి కట్టి ఉన్నయ్.”

“కనుక బండను లాగినది లారీయే” అన్నారు. ఆయన గొంతు మళ్ళీ మెత్తబడింది. “వాహనమునకు జోడింపబడి, దాని కదలికకు తోడ్పడునది ఏదైనను ఆ వాహనము యొక్క భాగము. భాగము జంతువు కానేరదు. డాక్టరు గారూ, ఇవి తమ పరిధిలోకి రావు.”

“సంతోషం సార్” అన్నారు హిమబిందు గారు.

“అయితే ఏ భాగములు? అది స్పష్టముగా నమోదు కావలెను. కాలేషా గారూ, ఆ క్యామ్‌షాఫ్టు చేయు పని ఏమి?”

“ఎప్పుడు ఎంత ఊపిరి తీసుకోవాలో చెప్పేది సార్.”

పంచాక్షరి గారు పుల్లోడి డొక్కలు పొంగి అణగడం చూశారు. “దాపటిది క్యామ్‌షాఫ్టు. మరి ఆ కన్వర్టరు?”

“ఆగిపోయినదానికి ఎక్కువ బలమిచ్చి కదిలించేది.”

“ఎలపటిది టార్క్ కన్వర్టరు. సంఘం చేసిన ఎంపికను ఇందుమూలముగా సవరించడమైనది. వాహనం అర్హత పొందినది. భాగములు వాహనమును పోటీలో నిలబెట్టిన వారి వద్దనే ఉండవలెను.”

వ్యాను మనుషులు తాళ్ళు చుట్టుకొని వెనక తలుపు మూశారు. వదిన నా వైపు చూసింది. “అంటే ఏందబ్బాయా?”

“ఉంటాయి వదినా. లారీ విడిభాగాలుగా.”

“ఏ భాగాలయితే ఏందిలే” అని ఆమె మైలోడి మూతి నురగ కొంగుతో తుడిచింది.

కానీ విడిభాగాలకు వేరే వివరాలు కావాలి. పంచాక్షరి గారు లారీ బానెట్టు మీద కాగితం పెట్టుకొని కలం తీశారు.

“తయారీదారు ఎవరమ్మా?”

వదినకు అర్థమయ్యేలా చెప్పాలని నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది. “చెంచయ్య.”

“ప్రస్తుతం అందుబాటులో ఉన్నారా?”

“లేడు.”

“వారంటీ ఏమైనా ఇచ్చి ఉన్నారా?”

“నాకే ఇయ్యలేదు నాయనా, ఎద్దులకేం ఇస్తాడు?”

ఆయన ఆ గడిలో ‘లేదు’ అని రాసుకున్నారు. వదిన కాడి దించి, క్యామ్‌షాఫ్టునూ టార్క్ కన్వర్టరునూ ఇంటికి తోలుకుపోయింది.